పొద్దుటి గిన్నె: మా హైస్కూల్లో వారానికి మూడు రోజుల టిఫిన్ – ప్రాజెక్టు డైరీ

సర్కారు బడిలో పొద్దుటిపూట పిల్లలకు ఏదైనా పెడదామని అనుకుంటున్న వాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాం. మాది తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు. ఆరు నుంచి పది దాకా 146 మంది పిల్లలు. సగం మంది తండాల నుంచి, చుట్టుపక్కల చిన్న ఊళ్ల నుంచి ఆటోల్లో వస్తారు. పని చేస్తున్నది కొందరు పూర్వ విద్యార్థులు, బడిలో వంట చేసే అక్కలు, హెచ్ఎం మేడం.

మధ్యాహ్న భోజనం ఉంది కదా, మళ్లీ ఇదెందుకని చాలామంది అడిగారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. 2013 ఆహార భద్రతా చట్టం దాన్ని పిల్లల హక్కుగా మార్చింది. ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లకు ఆ ఒక్క పూటలో 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ అందాలని లెక్క. తొమ్మిది, పది తరగతుల ఖర్చు రాష్ట్రమే భరిస్తోంది. అదంతా మధ్యాహ్నం సంగతి. రాత్రి ఎనిమిదింటికి తిన్న పిల్లకు మళ్లీ అన్నం కనపడేది మరుసటి రోజు మధ్యాహ్నమే అయితే, మధ్యలో పదహారు గంటలు పైనే. లెక్కల పాఠం, సైన్సు పాఠం జరిగేది ఆ పదహారో గంటలోనే.

వారంలో మూడు రోజులు మా బడికి రాగి జావ వస్తుంది. గుడ్డు పెట్టే మిగతా మూడు రోజుల్లో పొద్దున ఏమీ ఉండదు. రాష్ట్రంలో 2023 అక్టోబరు 6న ముఖ్యమంత్రి అల్పాహార పథకం నియోజకవర్గానికి ఒక బడి చొప్పున మొదలైంది, అందులో మా బడి లేదు. అందుకే మేం పట్టుకున్నది సోమ, బుధ, శుక్రవారాలు.

దశ 1: ఆకలిని కొలవడం

పిల్లల్ని నిలబెట్టి "తిన్నవా?" అని అడిగితే అందరూ "తిన్న" అనే అంటారు. చేతులెత్తమన్నా అంతే. పక్కన స్నేహితులుంటారు. అందుకని ఇలా చేశాం:

1. ఒక మంగళవారం మొదటి పీరియడ్‌లో అందరికీ చిన్న చీటీ ఇచ్చాం. పేరు, తరగతి రాయొద్దని చెప్పాం.
2. "తిన్నావా" అని అడగలేదు. "పొద్దున లేచినప్పటి నుంచి నోట్లోకి ఏమేం పోయింది, అన్నీ రాయి" అని అడిగాం.
3. చీటీలు డబ్బాలో వేయించి, లెక్కపెట్టి, చింపేశాం.

వచ్చిన చీటీలు 141. ఏమీ తినని వాళ్లు 49. టీ, లేదా టీతో బిస్కెట్ 38. రాత్రి మిగిలిన అన్నమో రొట్టో తిన్నవాళ్లు 33. వేడిగా ఏదైనా తిన్నవాళ్లు 21.

కారణం తెలుసుకోవడానికి పెద్ద సర్వే అక్కర్లేదు. పత్తిలో కలుపు పనో, నాటు పనో ఉన్న రోజుల్లో అమ్మలు ఏడింటికల్లా ఆటో ఎక్కుతారు. వండింది కూలికి పోయేవాళ్ల సద్దిలోకే సరిపోతుంది. కొన్ని ఇళ్లలో తల్లిదండ్రులు హైదరాబాదుకో పుణెకో వలస పోయి ఉంటారు, పిల్లలు నాయనమ్మ దగ్గర. కంటి చూపు ఆనని ముసలమ్మ తెల్లవారుజామున పొయ్యి ముట్టించలేదు. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. ఈ పని చేసేవాళ్లు ముందుగా ఇది గుర్తుపెట్టుకోవాలి. తల్లిదండ్రుల మీటింగులో ఈ మాట తప్పుగా దొర్లితే వాళ్లు మళ్లీ బడి ముఖం చూడరు.

ఇప్పటిదాకా సామాను ఖర్చు: 30 కిలోల డిజిటల్ కాంటా 1,850 రూపాయలు.

దశ 2: జాబితా పెట్టాం, తీసేశాం

డబ్బు తక్కువ కాబట్టి అవసరమైన వాళ్లకే పెడదామని మొదట అనుకున్నాం. క్లాస్ టీచర్లు 54 మంది పేర్లు ఇచ్చారు. మొదటి రోజు వచ్చింది 31 మంది. రెండో వారానికి 17కి పడిపోయింది. ఆడపిల్లల్లో తొమ్మిది, పది తరగతుల వాళ్లు ఒక్కరూ రాలేదు.

ఆకలి లేక కాదు. వంటగది పక్కకు నడిచి వెళ్తుంటే వరండాలో ఉన్న మిగతా పిల్లలు చూస్తారు. ఒక ఎనిమిదో తరగతి పిల్లను అక్క విడిగా పిలిచి అడిగితే, "అటు పోతే మా ఇంట్ల ఏం లేదని అందరికి తెలుస్తది పెద్దమ్మా" అంది. ఆ మాట విన్న రోజే జాబితా కాగితం చింపేశాం. ఇక నుంచి వచ్చిన ప్రతి పిల్లకూ పెట్టాలి, ఎవరినీ ఏమీ అడగకూడదు, టీచర్లు కూడా ఒక గిన్నె తినాలి.

మారిన తర్వాత మూడో రోజుకే తినేవాళ్ల సంఖ్య 109. పెద్ద తరగతుల ఆడపిల్లలు గుంపుగా వచ్చి గుంపుగా కూర్చున్నారు. ఖర్చు పెరిగింది, నిజమే. ఒక్కో గిన్నెను చిన్నది చేశాం కానీ మళ్లీ జాబితా జోలికి పోలేదు. ఈ డైరీ మొత్తంలో ఒక్క విషయమే కాపీ చేస్తామంటే ఇదే చేయండి.

దశ 3: ఉప్మా

ఉప్మాతో మొదలుపెట్టడానికి కారణం తమిళనాడు. అక్కడ 2022 సెప్టెంబరు 15న మధురైలో ప్రాథమిక బడుల అల్పాహారం మొదలైంది. ఒక్కో పిల్లకు 50 గ్రాముల రవ్వో బియ్యమో, 15 గ్రాముల పప్పు, కూరగాయలు అన్నది వాళ్ల కొలత. ముఖ్యమంత్రి కామరాజు కాలం నుంచి బడిలో వంట అలవాటైన రాష్ట్రం కాబట్టి ఆ కొలత నమ్మదగిందే. మేం పిల్లకు 45 గ్రాముల రవ్వ పెట్టుకున్నాం, అంటే మొత్తం 6.6 కిలోలు.

కొలతతో ఇబ్బంది రాలేదు. సమయంతో వచ్చింది. పిల్లలు ఒకేసారి రారు. మొదటి ఆటో 8:10కి, చివరిది 8:50కి. ఉప్మా దించిన పావుగంటకే గట్టిపడడం మొదలవుతుంది. చివర వచ్చిన వాళ్లకు గంటెతో పొడిచి తీయాల్సి వచ్చేది. థర్మామీటర్ పెట్టి చూశాం: దించినప్పుడు 92 డిగ్రీలు, చివరి గిన్నె దగ్గర 46. వదిలేసిన ఉప్మాను బకెట్లో వేసి తూచితే ఒక రోజు 3.8 కిలోలు. దూరం నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ ఆకలితో ఉంటారు, వాళ్లకే చల్లటి ముద్ద మిగిలేది.

చేసిన మార్పులు:

1. ఎసరు పెంచాం. కిలో రవ్వకు మూడు లీటర్ల నీళ్లు పోసేవాళ్లం, దాన్ని నాలుగు లీటర్లు చేశాం. జారుగా ఉంటే చల్లారినా మింగుడు పడుతుంది.
2. రెండు దఫాలుగా వండి చూశాం. గ్యాస్, అక్కల సమయం రెండూ పెరిగాయి. ఆపేశాం.
3. చివరికి రవ్వను పూర్తిగా తీసేసి అటుకులకు మారాం. దొడ్డు అటుకులు కడిగి, పోపులో వేసి, వేయించిన పల్లీలు కలిపితే అయిపోయింది. చల్లారినా తినొచ్చు. పొయ్యి మీద ఉండేది ఇరవై నిమిషాలు కూడా కాదు.

శుక్రవారం అటుకులు ఖాయమయ్యాయి. పిల్లకు 40 గ్రాములు.

సామాను ఖర్చు: పెద్ద బర్నర్, రెగ్యులేటర్, పైపు కలిపి 3,400, గంటెలు, బకెట్లు, కొలత గిన్నెలు 1,150, సబ్బులు, తుడిచే బట్టలు 600. మొత్తం ఇప్పటిదాకా 7,000 రూపాయలు.

దశ 4: గుడాలు, బోరు నీళ్లు

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిందీ, ఇప్పుడు పిల్లలు అన్నిటికంటే ఇష్టంగా తినేదీ శనగ గుడాలే (ఉడికించిన శనగలు, కొన్నిచోట్ల గుగ్గిళ్లంటారు). నల్ల శనగలు పిల్లకు 30 గ్రాములు, మొత్తం 4.4 కిలోలు. సుమారు 100 కేలరీలు, 5 గ్రాముల ప్రోటీన్. చేతిలో పల్లి పట్టీ ఒకటి పెడితే పొద్దుటికి బాగానే నిలబడుతుంది.

మొదటి సోమవారం పెద్ద గంజులో ఉడకబెట్టారు. రెండు గంటలు దాటినా శనగలో పలుకు పోలేదు. ప్రార్థన గంట కొట్టేశారు. పిల్లలు మర్యాదకు నాలుగు నమిలి మిగతాది జేబుల్లో వేసుకున్నారు. రెండోసారి రాత్రి కాకుండా ముందురోజు సాయంత్రం నుంచే నానబెట్టాం. కొంచెం నయం, కానీ లోపల గట్టిదనం అలాగే ఉంది. శనగలు పాతవేమోనని వేరే దుకాణంలో కొన్నాం. తేడా లేదు.

అప్పుడు పెద్ద అక్క అంది: "సార్, శనగలు మంచిగనే ఉన్నయ్. నీళ్లు మార్చుండ్రి. మా ఇంట్ల గూడ బోరు నీళ్లతోటి పప్పు ఉడకది."

మా వైపు బోరు నీళ్లు ఎంత కఠినమో సబ్బు చెబుతుంది. తల రుద్దుకుంటే నురుగు రాదు, కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి గింజలోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని బిగిస్తాయి, అందుకే ఎంత కాచినా మెత్తబడదు. అక్క మాట నిజమో కాదో తేల్చడానికి ఒక పరీక్ష పెట్టాం. మీరూ చేసి చూసుకోవచ్చు, ఖర్చు లేదు:

1. రెండు స్టీలు గ్లాసుల్లో 50 గ్రాముల చొప్పున ఒకే సంచిలోని శనగలు వేయండి.
2. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో మిషన్ భగీరథ (సర్కారు మంచినీళ్ల పథకం) నల్లా నీళ్లు పోయండి. పది గంటలు ఉంచండి.
3. నీళ్లు వంపి తూచండి. మాకు బోరువి 95 గ్రాములు, నల్లావి 107 గ్రాములు వచ్చాయి.
4. రెండింటినీ వాటి వాటి నీళ్లతోనే ఒకే మంట మీద నలభై నిమిషాలు ఉడికించండి. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి.

నల్లా నీళ్ల శనగ వేళ్ల మధ్య మెత్తగా నలిగిపోయింది. బోరు నీళ్ల శనగ రెండు బద్దలుగా విడిపోయింది కానీ నలగలేదు. బద్ద మధ్యలో సన్నటి తెల్ల గీత కనపడింది. ఆ పలుకే పిల్లల జేబుల్లోకి వెళ్లింది.

భగీరథ నీళ్లు మా బడికి పొద్దున వచ్చే వేళ ఖాయం కాదు. అందుకని మూతలున్న 60 లీటర్ల డ్రమ్ములు రెండు కొని, సాయంత్రం నీళ్లు వచ్చినప్పుడు నింపి పెడుతున్నాం. గుడాలకూ, కిచిడీకీ ఆ నీళ్లే. గిన్నెలు కడగడానికి బోరు.

సోడా ఉప్పు వేస్తే తొందరగా ఉడుకుతుందని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నిజంగానే ఉడుకుతుంది. కానీ సోడా పడితే శనగల్లోని బి1 విటమిన్ చాలావరకు పోతుంది, రుచి కూడా సబ్బులా మారుతుంది. పోషణ కోసం పెట్టే తిండిలో పోషణే తీసేసే పని వద్దనుకున్నాం. దానికి బదులు నానబెట్టే నీళ్లలో మామూలు ఉప్పు వేస్తున్నాం, లీటరుకు చిన్న చెంచాడు. తొక్క మెత్తబడుతుంది, గింజ లోపలికి ఉప్పూ పడుతుంది.

తర్వాత కుక్కర్. 20 లీటర్ల కుక్కర్ కొన్నాం. పప్పు గింజలకు కుక్కర్‌ను సగానికి మించి నింపకూడదు, నురుగు లేచి వెయిట్ మూసుకుపోతుంది. మా లెక్క: ఒక్కో దఫాకు 2.2 కిలోల ఎండు శనగలు, అంతకు మించొద్దు. రెండు దఫాలు పడుతుంది. మొదటి దఫా ఆవిరి దిగుతుండగానే రెండో దఫాకు నీళ్లు కాగాలి, అందుకు పక్కన చిన్న పొయ్యి ఉండాలి.

గ్యాస్ ఎంత తగ్గిందో తూచాం. నిండు 19 కిలోల సిలిండర్ ఖాళీ బరువుతో కలిపి 30 కిలోల కాంటా మీదికి ఎక్కదు. ఊళ్లో పత్తి కొనే ఆయన దగ్గర వేలాడదీసే కాంటా అడిగి తెచ్చుకున్నాం. వంటకు ముందు, తర్వాత బరువు రాసుకుంటే చాలు:

గంజులో, బోరు నీళ్లతో: 2.1 కిలోల గ్యాస్.
గంజులో, నల్లా నీళ్లతో: 1.5 కిలోలు.
కుక్కర్‌లో, నల్లా నీళ్లతో: 0.85 కిలోలు.

కిలో గ్యాస్ దాదాపు వంద రూపాయలు. ప్రతి సోమవారం 125 రూపాయలు మిగిలాయి. ఆ డబ్బే పల్లి పట్టీకి పోతోంది.

నానబెట్టే పని ఎవరు చేయాలన్నది చిన్న విషయంలా కనపడుతుంది, కానీ ఆదివారం రాత్రి బడికి తాళం ఉంటుంది. ఒక అక్క తన ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి నానబెట్టి, పొద్దున బకెట్లో తెస్తోంది. నానిన శనగలు తొమ్మిది కిలోల పైమాట. మోసుకురావడానికి ఆటో డబ్బులు ఇస్తున్నాం. ఎండ ముదిరే రోజుల్లో పది గంటలు దాటితే నీళ్లు పులిసి వాసన వస్తుంది, ఒకసారి మధ్యలో నీళ్లు మార్చాలి.

సామాను ఖర్చు: కుక్కర్ 4,200, డ్రమ్ములు 1,400. మొత్తం ఇప్పటిదాకా 12,600 రూపాయలు. ఆ తర్వాత సామాను మీద ఏమీ పెట్టలేదు.

దశ 5: కిచిడీ, గంటె కొలత

బుధవారం పెసరపప్పు కిచిడీ. పిల్లకు 50 గ్రాముల బియ్యం, 15 గ్రాముల పప్పు. బడి స్టోర్ గదిలో మధ్యాహ్న భోజనం సన్నబియ్యం ఉంటుంది. దానిలోంచి ఒక్క గుప్పెడు కూడా తీయొద్దు. ఆ బియ్యానికి స్టాక్ రిజిస్టర్ ఉంటుంది, తేడా వస్తే జవాబు చెప్పాల్సింది హెచ్ఎం, అక్కలు. మా బియ్యం వేరే డబ్బాలో, వేరే తాళంతో, వేరే నోట్‌బుక్‌తో ఉంటుంది.

కిచిడీలో బయటపడింది గంటె సమస్య. ఒకే గంటెతో ఇద్దరు అక్కలు వడ్డిస్తే ఒకరిది 110 గ్రాములు, ఇంకొకరిది 170. ముందు వరుసకు నిండుగా, చివరి వరుసకు అడుగుబొడుగు. పిల్లలు ఏమీ అనరు, కానీ మూడో వారానికల్లా ముందు వరుస కోసం తోపులాట మొదలైంది. గంటె పక్కన పెట్టి ఒక స్టీలు గిన్నెను కొలతగా తీసుకున్నాం. నింపి, పైన చెంచాతో సమం చేసి, పళ్లెంలో బోర్లించడమే. తూచిన పది గిన్నెల్లో తేడా ఎటు చూసినా పది గ్రాములు మించలేదు. తోపులాట ఆగిపోయింది. రెండోసారి కావాలన్న వాళ్లకు సగం గిన్నె, అది కూడా చివరి ఆటో పిల్లలు తిన్నాకే.

ఇంకో భయం ఉండేది: పొద్దున తింటే మధ్యాహ్నం అన్నం వదిలేస్తారేమోనని. ఊహలతో వాదించుకోకుండా మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని తూచాం. ఏమీ పెట్టని రోజుల్లో సగటున 3.1 కిలోలు. గుడాల రోజు 3.9. కిచిడీ రోజు 6.8. గుడాలతో ఇబ్బంది లేదు, కిచిడీతో ఉంది. మధ్యాహ్నం గుడ్డు తిన్నా అన్నం పప్పు వదిలేస్తున్నారు. అందుకని కిచిడీలో బియ్యం 50 నుంచి 35 గ్రాములకు తగ్గించి, పెసరపప్పు 20కి పెంచి, వడ్డన 8:15కే మొదలుపెట్టాం. ఆలస్యంగా వచ్చిన వాళ్లకు మూతపెట్టిన డబ్బాలో ఉంచుతున్నాం. మిగిలే అన్నం 4.2 కిలోలకు దిగింది.

దశ 6: అక్కల కూలి, నూనె, అనుమతి

మా బడిలో వంట చేసేది ముగ్గురు. రాష్ట్రంలో వీళ్లకు నెలకు ఇచ్చే గౌరవ వేతనం 3,000 రూపాయలు. సరుకులకు వచ్చే రేటు చూడండి: 2025 మే 1 నుంచి ఒక్కో పిల్లకు ఒక్కో రోజుకు ప్రాథమిక తరగతుల్లో 6.78, ప్రాథమికోన్నత తరగతుల్లో 10.17 రూపాయలు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు, వంటచెరకు అన్నీ అందులోనే. టమాట ధర పెరిగినా, బిల్లు ఆలస్యమైనా ముందుగా సర్దుబాటు చేసేది ఈ ఆడవాళ్లే.

పొద్దుటి పని ఊరికే చేస్తామన్నారు. "మన పిల్లలే గదా" అన్నారు. మేం ఒప్పుకోలేదు. పొద్దున రెండు గంటల పనికి ఒక్కొక్కరికి 150 రూపాయలు, రోజూ ఇద్దరు, వంతులవారీగా. మొత్తం ఖర్చులో ఇది పెద్ద భాగమే. "కూలి తీసేస్తే ఇంకో వంద మందికి పెట్టొచ్చు" అని చందా ఇచ్చిన ఒకాయన అన్నారు. ఆయనకు గౌరవంగానే వద్దని చెప్పాం. పేద ఆడవాళ్ల చేత వెట్టి చేయించి పేద పిల్లలకు తిండి పెట్టడం న్యాయం కాదని మా గట్టి నమ్మకం. డబ్బు లేకపోతే రోజులు తగ్గిస్తాం, కూలి తగ్గించం.

నూనె విషయంలో మాకు ఒకే నియమం: దుకాణం నుంచి సీలు ఉన్న ప్యాకెట్టే రావాలి, వంటగదిలోనే కత్తిరించాలి. విడి నూనె, డబ్బాలో పోసి తెచ్చిన నూనె ఎవరు ఇచ్చినా తీసుకోం. 2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. అది ఇక్కడి పత్తి రైతులందరికీ తెలిసిన పురుగుమందు. ఖాళీ మందు డబ్బా కడిగి ఇంట్లో వాడుకోవడం మన ఊళ్లలో ఇంకా చూస్తాం. కాబట్టి ఈ ఒక్క చోట మొహమాటం పనికిరాదు.

మిగతావి క్లుప్తంగా:

1. హెచ్ఎం దగ్గర, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ దగ్గర రాతపూర్వక ఒప్పుదల తీసుకోండి. కమిటీ తల్లులు వారానికి ఒకరు వచ్చి చూస్తారు.
2. వడ్డనకు అరగంట ముందు ఒక టీచరు, ఒక అక్క తిని సంతకం చేయాలి.
3. ఒక గిన్నె మూతపెట్టి మరుసటి రోజు పొద్దుటి దాకా పక్కన ఉంచాలి. ఎవరికైనా బాగాలేకపోతే పరీక్షకు అదే ఆధారం.
4. పుట్టినరోజుకు స్వీట్లు పెడతామని వచ్చేవాళ్లను పల్లి పట్టీలు కొనిమ్మని అడగండి. ఫోటోలకు పిల్లల్ని వరుసలో నిలబెట్టొద్దు. మేం ఫోటోలు అసలే తీయం.

దసరా సెలవుల ముందు మొత్తం: వడ్డించిన గిన్నెలు 3,180. సరుకులు, గ్యాస్, కూలి కలిపి 24,460 రూపాయలు. గిన్నెకు 7.69.

దశ 7: సెలవులు

బడి లేని రోజు గిన్నె లేదు, మధ్యాహ్న భోజనమూ లేదు. దీనికి మా దగ్గర సరైన జవాబు దొరకలేదు. దసరాకు ముందు ప్రతి పిల్లకు అర కిలో వేయించిన శనగలు, పావు కిలో పల్లి పట్టీ పొట్లం కట్టి ఇచ్చాం. సెలవుల తర్వాత మళ్లీ పేర్లు లేని చీటీలు పెట్టి "పొట్లం ఎన్ని రోజులు వచ్చింది" అని అడిగాం. ఎక్కువమంది రాసింది రెండు రోజులు. ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు, తాత ఉంటారు. పంచుకున్నారు. పంచుకోవడమే సరైంది కూడా. అయితే ఒక పిల్లకు లెక్కగట్టిన పొట్లం ఇంటిల్లిపాదికీ చాలదు.

2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని చెప్పింది. సెలవుల్లో ఆకలికి సెలవు ఉండదని అప్పుడే గుర్తించారన్నమాట. ఏడు వారాల వేసవిలో మా స్థోమతకు రోజూ వంట కుదరదు. అంగన్‌వాడీ పక్కనున్న గదిలో వారానికి రెండు రోజులు గుడాలు పెట్టొచ్చా అని కమిటీ తల్లులతో మాట్లాడుతున్నాం.

దశ 8: సంక్రాంతి నాటికి లెక్క

ఇప్పుడు వారం మెనూ, పూర్తి సంఖ్యకు ఖర్చు:

సోమవారం గుడాలు, పల్లి పట్టీ: 1,100 రూపాయలు.
బుధవారం కిచిడీ: 1,170.
శుక్రవారం అటుకులు, పల్లీలు: 970.
వారానికి 3,240. గిన్నెకు దాదాపు 7.40.

మొత్తం వడ్డించిన గిన్నెలు 6,940. ఖర్చు 52,050 రూపాయలు, సామాను విడిగా 12,600.

ఏం మారిందని అడిగితే, కొలిచిందే చెబుతాం. ప్రాజెక్టుకు ముందు సోమ, బుధ, శుక్రవారాల్లో మొదటి గంట కొట్టేసరికి బడిలో ఉన్నవాళ్లు సగటున 88 మంది. దసరా ముందు 116. అక్టోబరు, నవంబరుల్లో పత్తి ఏరడానికి పిల్లలు కూడా చేలకు పోయారు, సంఖ్య 97కి పడింది. గిన్నెడు గుడాలు రోజు కూలికి పోటీ కాలేవు. డిసెంబరులో మళ్లీ 113. ప్రార్థనలో కళ్లు తిరిగి కూర్చునే పిల్లల సంఖ్య పీఈటీ సారు నోట్‌బుక్‌లో రాస్తారు. జూలైలో పదకొండు సార్లు, డిసెంబరులో రెండు సార్లు. వానాకాలానికీ చలికాలానికీ తేడా ఉంటుంది కాబట్టి ఇది మొత్తం గిన్నె వల్లే అనలేం. మార్చిలో మళ్లీ చూడాలి.

మార్కుల గురించి ఏమీ కొలవలేదు, కొలవం కూడా. ఆకలిగా ఉన్న పిల్లకు తిండి పెట్టడానికి మార్కులు కారణం కానక్కర్లేదు.

ఇంకా చేయాల్సినవి:

1. శనగల ధర పెరుగుతోంది. బొబ్బర్ల గుడాలు పెట్టి చూడాలి. నానడానికి సమయం తక్కువ, కుక్కర్‌లో ఎంతసేపో తెలియాలి. మూడు కిలోలు కొన్నాం, కుక్కర్ బాగయ్యాక ఒక సోమవారం ఆరో తరగతికే పెట్టి వదిలేసింది తూస్తాం.
2. పదో తరగతి పిల్లలు స్పెషల్ క్లాసులకు సాయంత్రం చాలాసేపటి దాకా ఉంటున్నారు. చివరి ఆటోకు ముందు వాళ్లకు ఏదైనా కావాలి. 31 మంది. పట్టీలు చాలవు.
3. కుక్కర్ రబ్బరు రింగు వదులైంది, పక్కల నుంచి ఆవిరి పోతోంది. కొత్తది నారాయణపేటలో దొరకలేదు, మహబూబ్‌నగర్ పోయే వాళ్లెవరికైనా చెప్పాలి. అది వచ్చేదాకా సోమవారం కూడా అటుకులే.